కత్తికి పని తగ్గిన చోట

యాభై ఏళ్ల కిందట కోస్తాలో సర్జన్‌కు పేరు తెచ్చిన ఆపరేషన్లలో కడుపులో పుండుది ఒకటి. వేగస్ నరం కోసి ఆమ్లం తగ్గించేవారు, జీర్ణాశయాన్ని చిన్నపేగుకు కలిపి అన్నానికి కొత్త దారి వేసేవారు. అమెరికాలో డ్రాగ్‌స్టెట్ 1943లో మొదలుపెట్టిన నరం కోత తర్వాతి తరాల చేతిపని అయింది. ఒడిశాలోని బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల 1962లో మొదలైంది. అప్పటికి ఈ రోగానికి కత్తే గట్టి మందు.

ఆ రోజుల్లోనే ఎస్.ఎల్. మల్హోత్రా అనే రైల్వే డాక్టరు ఉద్యోగుల జబ్బుల లెక్కలు తీశాడు. అల్సర్ ఉత్తరాదిలో కంటే దక్షిణాదిలో బాగా ఎక్కువని తేల్చి, 1964లో ప్రచురించాడు. అన్నం తినేవారు రొట్టె తినేవారంతగా నమలరన్నది ఆయన వాదన. మన పెద్దవాళ్లు మాత్రం నేరం మిరపకాయ మీదే మోపారు. 1982లో మార్షల్, వారెన్ అసలు దోషిని పట్టుకున్నారు: హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. వాళ్ల ఆవిష్కరణకు ముందే సిమెటిడిన్, తర్వాత ఒమెప్రజోల్ వచ్చాయి. సర్జన్ల అన్నం ముద్దను బిళ్లలు లాక్కున్నాయి! ఇది ఓటమి కాదు, వైద్యం చేసిన మంచి పనుల్లో ఒకటి.

మిగిలిన పని మాత్రం కష్టమైనది. గంజాం పల్లెల నుంచీ, గజపతి, కంధమాల్ కొండల నుంచీ రాత్రివేళ బరంపురం చేరే పెర్ఫొరేషన్ కేసునే చూడండి. పుండు చిల్లుపడి ఆమ్లం పొట్టంతా పాకితే కడుపు చెక్కలా బిగుస్తుంది, ఎక్స్‌రేలో ఉదరవితానం కింద గాలి కనిపిస్తుంది. ఒళ్లునొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలు ఇందుకు పెద్ద కారణం. పొట్టలోని కొవ్వుపొర ముక్కను చిల్లు మీద కుట్టే పద్ధతిని గ్రాహమ్ 1937లో వివరించాడు, ఇప్పటికీ అదే దిక్కు. కుట్టడం అంత కష్టం కాదు, వేళకు కుట్టడం కష్టం. ఆస్పత్రిలో చేరాక ఆపరేషన్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం 2.4 శాతం తగ్గుతుందని 2013 నాటి డెన్మార్క్ అధ్యయనం. అందుకే బరంపురంలో తెలుగు, ఒడియా రెండింట్లోనూ ‘నొప్పి ఎప్పుడు మొదలైంది?’ అని అడగడం రావాలి. ఆ జవాబును బట్టే సగం నిర్ణయం జరిగిపోతుంది.

రెండో పని క్యాన్సర్: అన్నవాహిక, జీర్ణాశయం, క్లోమం. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎం.ఎస్. మూడేళ్లు, సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీలో ఎం.సీహెచ్. మరో మూడేళ్లు చదివిన మనిషి చేయవలసినవి ఇవి. ఇక్కడ డిగ్రీ కంటే లెక్క ముఖ్యం. 2002లో అమెరికాలో వృద్ధ రోగుల వివరాలు పరిశీలిస్తే, క్లోమం ఆపరేషన్లు చాలా అరుదుగా జరిగే ఆస్పత్రుల్లో మరణాలు 16.3 శాతం, ఎక్కువగా జరిగేచోట 3.8 శాతం. ఊళ్లో చేయగలిగినా, చేయి తిరిగిన కటక్‌కో విశాఖకో పంపడం మంచి సర్జన్ నైపుణ్యంలో భాగమేనని నా అభిప్రాయం. పంపడమంటే రోగి కుటుంబానికి రైలు ఖర్చు, అద్దె గది, పోయిన కూలి అన్నది కూడా ఆ డాక్టరుకు తెలిసి ఉండాలి.

ముద్ద దిగక నీళ్లు మాత్రమే దిగుతున్నాయని చెప్పే వయసు మళ్లిన మనిషికి గ్యాస్ బిళ్ల రాసివ్వడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఆ ఫిర్యాదు వెనక అన్నవాహిక క్యాన్సర్ ఉండవచ్చు, వింటే ఎండోస్కోపీ ఆ వారంలోనే జరగాలి.