ఊబి స్వభావం - ప్రాణరక్షణ: ఒక శాస్త్రీయ పరిశీలన

'అప్పుల ఊబి' అన్నా, 'ఊబిలో కూరుకుపోవడం' అన్నా తెలుగువారికి అడుగు లేని పతనమే స్ఫురిస్తుంది. ఊబి దిగినవారిని నిలువునా మింగివేస్తుందన్న నమ్మకం ఈ నుడికారంలో స్థిరపడింది. భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలిస్తే ఇది సగమే నిజం. ఊబి మనిషిని పట్టి ఉంచగలదు గాని పూర్తిగా ముంచలేదు. ఈ భేదాన్ని గ్రహించడంపైనే ప్రాణరక్షణ ఆధారపడి ఉంది.

సన్నని ఇసుక, బంకమన్ను, నీరు, కొన్నిచోట్ల ఉప్పు కలిసిన మిశ్రమమే ఊబి. సాధారణ నేలలో రేణువులు ఒకదానినొకటి ఆనుకొని, పరస్పర ఘర్షణతో బరువును మోస్తాయి. అడుగునుండి నీరు బలంగా పైకి ఊరినప్పుడు గాని, నీటితో నిండిన వదులు ఇసుక కదిలినప్పుడు గాని ఆ భారం రేణువులనుండి నీటికి మారుతుంది. అప్పుడు నేల ద్రవంవలె ప్రవర్తిస్తుంది. 1920లలో కార్ల్ టెర్జాగీ రూపొందించిన మృత్తికా యాంత్రికశాస్త్ర సూత్రాలు దీనినే వివరిస్తాయి.

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ బాన్ బృందం ఇరాన్‌లోని ఊబిమట్టిని పరీక్షించి, 2005లో 'నేచర్' పత్రికలో ఫలితాలను ప్రకటించింది. కదిలించగానే మిశ్రమం పలుచనై, ఇసుక అడుగుకు చేరి గట్టిగా పేరుకుంటుంది. ఆ పొర సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2 గ్రాములు. మానవదేహ సాంద్రత సుమారు 1 గ్రాము. కనుక నిలువుగా దిగిన మనిషి నడుము దాటి మునగడు. అయితే పేరుకున్న ఇసుకనుండి పాదాన్ని సెకనుకు 1 సెంటీమీటరు వేగంతో లాగాలంటే దాదాపు 10,000 న్యూటన్ల బలం, అంటే ఒక మధ్యతరహా కారును ఎత్తేంత బలం కావాలి.

అసలు ప్రమాదం ఈ పట్టులోనే ఉంది. కదలలేని స్థితిలో ఉన్నవారిని సముద్రపు పోటు, చలి, ఎండ బలిగొంటాయి. ఇంగ్లండులోని మోర్‌కాంబ్ అఖాతం ఊబులకూ, వేగంగా కమ్ముకొచ్చే పోటుకూ పేరుపడింది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడ గుల్లలు ఏరుతున్న చైనా కార్మికులు కనీసం 21 మంది పోటునీటికి బలయ్యారు. అటువంటి తీరంలో కాలు చిక్కుకుంటే ప్రతి నిమిషమూ విలువైనదే.

చిక్కుకున్నవారు గింజుకోరాదు. మోస్తున్న బరువును వదిలి, వెల్లకిలా వాలి, దేహభారాన్ని విశాలంగా పరచాలి. కాళ్లను మెల్లగా ఆడిస్తే చుట్టూ నీరు చేరి ఇసుక వదులవుతుంది. అప్పుడు ఒక్కొక్క కాలినీ నిదానంగా తీయాలి. రక్షించేవారు బలంగా లాగితే కీళ్లు దెబ్బతింటాయి. గట్టినేలపై నిలిచి పలకనో నిచ్చెననో అందించాలి. ఇటువంటి తీరాలకు వెళ్లేవారు పోటు వేళలను ముందే తెలుసుకోవాలి, ఒంటరిగా వెళ్లరాదు, అనుమానమున్న చోట కర్రతో నేలను పరీక్షించి అడుగువేయాలి.