జఠరాగ్ని – గోగ్రాసము

భగవద్గీత 15వ అధ్యాయము, 14వ శ్లోకమున, తానే వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహములందు చతుర్విధాన్నమును పచనము చేయుచున్నానని భగవానుడు సెలవిచ్చెను. అగ్ని యొక్కటే, పొయ్యిలు వేరు.

మన జఠరమున ఆమ్లము, జీర్ణరసములు అన్నమును మెత్తపరచగా, చిన్నప్రేవు సారమును గ్రహించును. గోమాత ఉదరమునకు నాలుగు అరలు. మొదటి పెద్ద అరయందు సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టును. ఆవు దానిని నెమరువేసి మరల మ్రింగును. మనకు అరుగని పీచు దానికి బలము. మనకు హితమైన అన్నము దానికి అతియైనచో, ఆ అరలో ఆమ్లము పెరిగి ప్రాణమునకే ముప్పు.

కావున భక్తులకు మేము విన్నవించునది: ఆషాఢమున లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి అమ్మవారికి బోనములు సమర్పించిన పిమ్మట, మిగిలిన అన్నమును ప్లాస్టిక్ సంచిలో కట్టి వీధి ఆవు ముందుంచకుడు. సంచి జీర్ణము కాదు, కడుపులోనే నిలిచిపోవును. గోగ్రాసము పిడికెడు చాలును. ఆవు కడుపు నింపవలసినది గడ్డియే. అదియే వైశ్వానరునకు తగిన ఆహుతి.