కల్వచర్ల రోడ్డు మీద

పల్లెలో ఎవరినైనా స్టేషనుకు పట్టుకుపోతే మనం మొదట వెదకేది వకీలునే. 2020లో మంథని పోలీసుస్టేషనులో ఒకాయన చనిపోతే, న్యాయవాది గట్టు నాగమణి గారు విచారణ కోరుతూ హైకోర్టుకెక్కారు. తమకు ప్రాణభయమున్నదని ఆమె, భర్త వామన్‌రావు గారు మొరపెట్టుకొన్నారు. 2021 ఫిబ్రవరి 17న మంథని కోర్టు నుండి కారులో తిరిగి వస్తుండగా, పెద్దపల్లి జిల్లా కల్వచర్ల దగ్గర పట్టపగలే ఇద్దరినీ నరికి చంపారు.

దారినపోయే వారు చూశారు, కొందరు ఫోన్లలో వీడియో తీశారు. నెత్తురులో పడియున్న వామన్‌రావు గారు ఒకరి పేరు చెప్పుట అందులో వినబడుతుంది. మేమే అక్కడుంటే బండి దిగి ఉండేవారమా? నిజం చెప్పాలంటే, ఔనని చెప్పలేకపోతున్నాము. ఆయన తండ్రి వేసిన పిటిషనుపై 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ కేసును సిబిఐకి అప్పగించింది.