పడే బాణానికి గురి కుదర్చడం

మా మేనల్లుడు టెక్సాస్‌లో క్రాస్‌బో కొన్నాడు. తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే విల్లు అది. పొలాలను కుళ్లగించే అడవిపందుల కోసమట. "సెకనుకి 400 అడుగుల వేగం మావయ్యా, బాణం తిన్నగా పోవాలి కదా! కిందే తగులుతోంది. గురి చూసే స్కోపు పాడైందంటావా?" అని వీడియోకాల్లో అడిగాడు. మా పాలకొల్లులో అలాంటిది పట్టుకుని వేటకు బయల్దేరితే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముందు చిక్కేది మనమే. కనుక నాకు చేతికి వచ్చిన విద్య కాదు. బళ్లో ముప్పయ్యేళ్లు ఫిజిక్సు చెప్పాను, అంతే. అయితే వాడి ప్రశ్న కూడా ఫిజిక్సుదే.

ఉండేలుతో మామిడికాయ కొట్టిన ప్రతి కుర్రాడూ కాయకు కాస్త పైకే గురిపెడతాడు. బాణం కూడా వింటిని వదిలిన క్షణం నుంచి పడుతూనే ఉంటుంది. 400 అడుగులంటే సుమారు 122 మీటర్లు. గాలి అడ్డుకోవడాన్ని పక్కన పెడితే, 20 గజాలు చేరేసరికి బాణం 11 సెంటీమీటర్లు పడుతుంది. దూరం రెట్టింపై 40 గజాలైతే 22 కాదు, 44. ఇక 60 గజాలకి దగ్గరదగ్గర మీటరు. 60 గజాల అవతల ఉన్నదాన్ని 50 అనుకున్నామా, ముప్పై సెంటీమీటర్లు కిందకి తగులుతుంది. వేగం ఈ లెక్కను తగ్గిస్తుందే తప్ప కొట్టెయ్యదు.

మన విజయవాడ విలుకారిణి వెన్నం జ్యోతి సురేఖది ఇంకా కష్టమైన లెక్క. ఆమెది కప్పీలుండే కాంపౌండ్ విల్లు, దూరం 50 మీటర్లు. బాణం సెకనుకు 85 మీటర్లు పోతుందనుకుంటే దారిలో 1.7 మీటర్లు పడుతుంది, నిలువెత్తు మనిషంత! పది పాయింట్ల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లే, కొబ్బరిచిప్ప కంటే చిన్నది. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఆమె 150కి 149 కొట్టింది. పదిహేను బాణాల్లో ఒక్క పాయింటే జారింది. కాంపౌండ్ వింటికీ గురి అద్దం ఉంటుంది, పక్కన చిన్న రసమట్టం కూడా. మన మేస్త్రీలు గోడ మీద పెట్టి చూసేదే. విల్లు ఒరిగితే బాణం పక్కకు పోతుంది కాబట్టి అది అలంకారం కాదు. స్కోపు బిగించేటప్పుడు మావాడికీ అదే చెప్పాను: మరలు బిగించేముందు లోపలి అడ్డగీత మట్టంగా ఉందో లేదో చూడు.

తుపాకీ స్కోపే పెట్టుకోవచ్చుగా అనేవాళ్లున్నారు. పెట్టకపోవడమే మేలు. బస్సులో పక్కసీటు నుంచి డ్రైవరు ముందున్న స్పీడోమీటరు చూస్తే ముల్లు వేరే అంకె మీద ఉన్నట్టు కనిపిస్తుంది కదా, స్కోపులోనూ తల కాస్త జరిగితే గీత అలాగే జరిగినట్టుంటుంది. తుపాకీ స్కోపుల్లో ఈ తేడా లేకుండా చేసేది మామూలుగా 100 గజాల దగ్గర. క్రాస్‌బో స్కోపుల్లో 50 దగ్గర. పైగా వీటిలో 20, 30, 40 గజాలు, ఇలా ఒక్కో దూరానికి ఒకదాని కింద ఒకటిగా గీతలుంటాయి. ఒకటిన్నర నుంచి ఐదు రెట్లు పెద్దది చేసి చూపిస్తే చాలు. అంతకు మించితే పంది చెవి కనిపిస్తుంది, పంది కనిపించదు.

అసలు కిటుకు స్కోపు మీది ఉంగరంలో ఉంది. దాని మీద 300, 350, 400 అని వేగాలు రాసి ఉంటాయి. ఉంగరం తిప్పితే బొమ్మ చిన్నదో పెద్దదో అవుతుంది, దాంతో గీతల మధ్య ఎడం లెక్కలో మారిపోతుంది. కొనేముందు మన వింటి వేగం ఆ అంకెల్లో ఉందో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు గురి కుదర్చడం. ఇసుక సంచి మీద ఆనించి, బొటనవేలు తాడు దారికి అడ్డం రాకుండా కిందే ఉంచి, 20 గజాల నుంచి మూడు బాణాలు వెయ్యాలి. మూడింటికీ వేరే వేరే చుక్కలు. లేదంటే బాణాన్ని బాణమే చీల్చేస్తుంది. మూడూ సగటున రెండంగుళాలు కింద తగిలాయనుకోండి. మావాడు తప్పిందిక్కడే. ఒక్కో క్లిక్కు పావు అంగుళమని చదివి, ఎనిమిది క్లిక్కులు తిప్పి ఊరుకున్నాడు. ఆ పావు అంగుళం 100 గజాల దగ్గర. 20 గజాల దగ్గర అందులో అయిదో వంతే. తిప్పాల్సింది నలభై.

20 కుదిరాక 60 గజాలకి వెళ్లి, 60 గజాల గీతతోనే వెయ్యాలి. కింద తగిలితే ఉంగరాన్ని తక్కువ వేగానికి, పైన తగిలితే ఎక్కువ వేగానికి కొంచెం కొంచెంగా జరపాలి. జరిపిన ప్రతిసారీ 20కి వచ్చి చూసుకోవాలి. విసుగు పనే. చివర్లో వేటకి వాడే వెడల్పు ములుకులు తగిలించి మళ్లీ వెయ్యాలి, ఎందుకంటే రెక్కలున్న ములుకు గాలిలో సాధన ములుకులా పోదు.

నాలుగో రోజు ఫొటో పంపాడు. 60 గజాల అట్ట మీద మూడు రంధ్రాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఉంగరం 380 దగ్గర ఆగింది. "పెట్టె మీద 400 అనే ఉంది మావయ్యా" అని కింద ఫిర్యాదు. కంపెనీ ఆ వేగాన్ని ఏ బరువు బాణంతో కొలిచిందో కాగితంలో చూసి, తన బాణం తూచి చెప్పమన్నాను. ఇంకా తూచలేదు.