కోటీశ్వరుల సరుకులు మానేద్దామా?

పోయిన నెల మన హాస్టల్‌కు వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, మనం వాడే సిమ్ములు, సరుకులు చాలావరకు వేల కోట్లున్న వాళ్లవే కదా. అందరం కొనడం మానేస్తే వాళ్లు దిగిరారా?" అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

బాయ్‌కాట్ అనేది ఒక మనిషి పేరు. 1880లో ఐర్లండ్‌లోని మేయోలో కెప్టెన్ బాయ్‌కాట్ ఒక భూస్వామి తరఫున కౌలు వసూలు చేసేవాడు. కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోయాడు. దాంతో చుట్టుపక్కలవాళ్లు ఆయనకు పని చేయడం, సరుకు అమ్మడం మానేశారు.

మనవాళ్లకు ఇది ఇంకో రకంగా తెలుసు. కూలి పెంచమని అడిగినందుకు మా వాడను రెండు నెలలు పనికి పిలవలేదని మా నాయనమ్మ చెప్పేది. కొట్లో ఉప్పు కూడా ఇవ్వలేదట. పక్క ఊరికి నడిచి వెళ్లి తెచ్చుకున్నారట. అదే వెలి. ఇప్పుడది నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరాల్లో చేర్చారు. కాబట్టి బహిష్కరణ అన్నంతమాత్రాన మంచిది కాదు. ఎవరు, ఎవరి మీద, ఎందుకు చేస్తున్నారన్నది చూడాలి.

మంచికోసం చేసి గెలిచినది అమెరికాలోని మాంట్‌గొమరీలో జరిగింది. 1955 డిసెంబరులో బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనందుకు రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. నల్లజాతివారు 381 రోజులు బస్సెక్కలేదు. నడిచారు, ఒకరి కారులో ఒకరు వెళ్లారు. బస్సు ప్రయాణికుల్లో ఎక్కువమంది వాళ్లే. అడిగింది స్పష్టంగా అడిగారు. పక్కనే కోర్టులో కేసు నడిపారు. 1956లో సుప్రీంకోర్టు తీర్పు వాళ్లకు అనుకూలంగా వచ్చింది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. 'ధనవంతుడు కాబట్టి మానేద్దాం' అంటే, ఆయన ఏం చేస్తే మళ్లీ కొంటాం? దీనికి జవాబు లేదు. పైగా ఆయన ఆస్తిలో ఎక్కువ భాగం షేర్ల విలువే. అలాంటి పెద్ద కంపెనీల్లో చాలావాటిలో ఎల్‌ఐసీకి కూడా వాటాలున్నాయి. అంటే మన ఇళ్లల్లో కట్టిన ప్రీమియం డబ్బు కూడా అక్కడుంది. అమ్మకాలు పడిపోతే ముందు పని పోయేది యజమానికి కాదు, మాల్‌లో రోజంతా నిలబడి బట్టలమ్మే మా అక్కలాంటి వాళ్లకు.

2020లో సాగు చట్టాలను వ్యతిరేకిస్తూ పంజాబ్ రైతులు జియో సిమ్ములు వదిలేయమని పిలుపునిచ్చారు. వాళ్ల కోరిక స్పష్టం, చట్టాల రద్దు. 2021లో రద్దయ్యాయి. అయితే ఢిల్లీ సరిహద్దుల్లో ఎండకు, చలికి ఓర్చి ఏడాదిపాటు కూర్చోవడమే అసలు బలం. సిమ్ములు వదలడం దానికి తోడు మాత్రమే.

అందుకే నా ఉద్దేశం ఇది. ఒక కంపెనీ కూలి ఎగ్గొడితే, నీళ్లు పాడుచేస్తే, ఆ తప్పు పేరు చెప్పి, ఏం కావాలో చెప్పి, అక్కడి పనివాళ్లను అడిగి మానేద్దాం. సంపద ఒకచోట పోగుపడటమే బాధయితే అది పన్నులతో, కూలి చట్టాలతో తేలాల్సిన సంగతి. 1957 నుంచి ఉన్న సంపద పన్నును 2015 బడ్జెట్‌లో తీసేశారు. దాని గురించి ఓటడగడానికి వచ్చినవాళ్లను మనం అడగాలి. బజారులో డబ్బెక్కువున్నవాడి మాటే చెల్లుతుంది. పోలింగ్ బూత్‌లో ఆయనకూ ఒకటే ఓటు, మా నాయనమ్మకూ ఒకటే ఓటు.

- ఎం.ఏ. విద్యార్థి, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి