ఘాట్ రోడ్డులో పసుపు దీపం

వానలో మేము కుటుంబంతో సాలూరు నుండి కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కుచుండగా మలుపులో చక్రం జారింది. మీటరు దగ్గర కారు బొమ్మ, దాని క్రింద వంకర గీతలున్న పసుపు దీపం మినుకుమినుకుమన్నది. బండి చెడిపోయిందని హడలిపోయాము. మెకానిక్కు నవ్వాడు. మినుకుమంటే ట్రాక్షన్ కంట్రోల్ పనిచేస్తున్నట్టేనట! జారే చక్రానికి బ్రేకు వేసి, ఇంజను జోరు తగ్గిస్తుంది. మనం యాక్సిలరేటరు మీద కాలు కాస్త తేలిక చేయాలి, అంతే.

దీపం ఆరకుండా వెలుగుతుంటేనే ఆలోచించాలి. మొదట ఎవరైనా ఆఫ్ బటన్ నొక్కారేమో చూడండి. (పొలం బురదలో దిగబడినప్పుడు ఒక్కోసారి అది నొక్కితేనే బండి పైకొస్తుంది. తరువాత మరల ఆన్ చేయడం మరువకండి.) బటన్ కాకపోతే చక్రం దగ్గరి సెన్సారుకు మురికి పట్టియుండవచ్చు, వైరు తెగియుండవచ్చు. బండి నడుస్తుంది గాని జారుడులో ఆ సాయముండదు. ప్రక్కన ఏబీఎస్ దీపం కూడా వెలిగితే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోవచ్చు. ఘాట్ దిగకముందే చూపించండి.