కాపరి పరిచర్యలో పునరాలోచన, పరిశోధన



జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తుంది. 1907లో ఏర్పడిన టాటా కంపెనీ ఇక్కడ 1912లో మొదటిసారి ఉక్కు తీసింది. పని కోసం దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. ఇలాంటి కార్మిక నగరంలో క్రైస్తవ సంఘ కాపరి చేసే పని ఏమిటి? ప్రార్థన నడిపించడం, రోగులను పలకరించడం, చావు జరిగిన ఇంట్లో ఓదార్చడం. వీటన్నిటినీ కలిపి కాపరి పరిచర్య అంటారు. తన సేవ ఎదుటివారికి నిజంగా ఉపయోగపడుతున్నదా అని పరిశీలించుకోవడం కూడా అందులో భాగమే. ఈ పాఠంలో దాన్ని గురించి తెలుసుకుందాం.

పునరాలోచన అంటే ఏమిటి?

ఒక ఉదాహరణ చూడండి. భర్త తాగుతున్నాడని ఒక కార్మికుని భార్య కాపరితో మొరపెట్టుకున్నదనుకుందాం. కాపరి వెళ్ళి అతనికి హితవు చెప్పి వచ్చాడు. నెల గడిచినా మార్పు లేదు. 'అతను నా మాట వినలేదు' అనుకుంటే కథ అక్కడితో ముగుస్తుంది. 'నేను అతని మాట విన్నానా?' అనుకుంటే విచారణ మొదలవుతుంది. రాత్రి షిఫ్టు, వడ్డీ అప్పు, ఉద్యోగం పోతుందన్న భయం అప్పుడు బయటపడతాయి. ఇలా తన పనిని తానే ప్రశ్నించుకోవడం పునరాలోచన. అలాంటి పది ఇళ్ళకు వెళ్ళి, పద్ధతిగా అడిగి, రాసుకుని, పోల్చి చూడటం పరిశోధన.

ఆండ్రూస్ చూపిన దారి

'దీనబంధు' సి.ఎఫ్. ఆండ్రూస్ (1871–1940) 1904లో క్రైస్తవ గురువుగా ఢిల్లీకి వచ్చారు. 1914లో గురువు బాధ్యతలు విడిచినా సేవ విడవలేదు. 1915లో పియర్సన్‌తో కలిసి ఫిజీ దీవులకు వెళ్ళారు. అక్కడి చెరకు తోటల్లో మనదేశపు కూలీలు అయిదేళ్ళ ఒప్పందం మీద పనిచేసేవారు. 1903 నుంచి మద్రాసు మీదుగా వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆయన కూలీల బసలు చూశారు, వారితో మాట్లాడారు. 1916లో ఇద్దరి నివేదిక వెలువడింది. అంతటితో పని అయిపోయిందనుకోకుండా 1917లో ఆండ్రూస్ మళ్ళీ వెళ్ళి పరిస్థితి చూశారు. మిగిలిన ఒప్పందాలు 1920 ఆరంభంలో రద్దయ్యాయి.

ఆ తరవాత ఆయన జంషెడ్‌పూర్ కార్మిక సంఘానికి అధ్యక్షులయ్యారు. 1925 ఆగస్టులో గాంధీజీ ఇక్కడికి వచ్చి యాజమాన్యంతో మాట్లాడగా, సంఘాన్ని గుర్తించడానికి కంపెనీ ఒప్పుకున్నది.

అయితే ఫిజీ నివేదికలో లోపం లేకపోలేదు. కూలీ స్త్రీల శీలం గురించి అందులో వాడిన మాటలను తరవాతి చరిత్రకారులు తప్పుపట్టారు. బాధపడినవారి మీదే తీర్పు పడిందన్నమాట. అంటే పరిశోధకుడు లోకాన్ని చూసే తన చూపును కూడా పరీక్షించుకోవాలి.

మరి రెండు ప్రయత్నాలు

అదే 1925లో అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే కాపరి వూస్టర్ మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులకు శిక్షణ ప్రారంభించారు. ఆయన స్వయంగా మానసిక రోగిగా ఆసుపత్రిలో గడిపినవారు. పుస్తకాలను చదివినంత శ్రద్ధగా బాధపడే మనిషిని చదవాలని ఆయన బోధించారు. బెల్జియంలో జోసెఫ్ కార్డైన్ అనే గురువు యువ కార్మికులకు మూడు మెట్లు నేర్పారు: చూడు, నిర్ణయించు, ఆచరించు.

గుర్తుంచుకోవలసినవి

కాపరికి చెప్పుకున్న మాట నమ్మకంతో చెప్పుకున్నది. అనుమతి లేనిదే దాన్ని పరిశోధనకు వాడరాదు. వాడినప్పుడు పేరు, ఆనవాలు తెలియనీయరాదు. తెలుసుకున్న విషయాన్ని మొదట ఆ మనుషులకే వినిపించి, సరిగా అర్థం చేసుకున్నామా అని అడగాలి.

ఈ పద్ధతి కాపరులకే కాదు, ఉపాధ్యాయులకు, నర్సులకు, మీకూ పనికివస్తుంది. ఈ వారం మీరు ఎవరికైనా చేసిన సాయాన్ని గుర్తు చేసుకోండి. వారికి ఏది అవసరమో అడిగి చేశారా, మీకు తోచింది చేశారా? జవాబు ఒక కాగితం మీద రాసి చూడండి.